పదకొండు సున్నాలు

కొందరి ఉద్యోగాలు వాళ్లను ఊళ్లు తిప్పుతాయి, కొందరివి కుర్చీకి కట్టేస్తాయి. కూర్చున్న చోటు నుంచి లేవనివ్వకుండానే మైళ్ల కొద్దీ తిప్పే ఉద్యోగం మాత్రం లిఫ్టు నడిపేవాడిదే. విశ్వవిద్యాలయంలోని ఆ ఐదంతస్తుల భవనంలో ముప్పై ఒక్క ఏళ్లుగా లిఫ్టు నడుపుతున్న పెద్దమనిషి ఒకరోజు తీరిగ్గా లెక్క వేసుకున్నాడు. తాను ఎక్కిందీ దిగిందీ అంతా కలిపి సాగదీస్తే భూమిని ముప్పాతిక వంతు చుట్టి వచ్చినట్లు తేలింది. మిగతా పావు వంతు రిటైరయ్యాక నడిచి పూర్తి చేస్తానని ఇంట్లో ప్రకటించాడు. "ముందు వీధి చివరి దాకా నడిచి కూరగాయలు పట్రండి, భూగోళం సంగతి తర్వాత చూద్దాం" అంది భార్య.

చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. పాత లిఫ్టుకు మడతలు పడే ఇనుప జాలీ తలుపు, అరిగి మెరిసే ఇత్తడి పిడి ఉండేవి. పిడి తిప్పడంలో బాబాయ్ చెయ్యి చెయ్యే. పెట్టె గడపా అంతస్తు గడపా వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేవి. గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని ఎక్కినా ఒక్క చుక్క ఒలికేది కాదు. ఈ విద్యకు పట్టా ఇచ్చేవాళ్లు లేరు గానీ, ఉంటే ఆయనది మొదటి తరగతే.

బాబాయ్‌కి ఇంకో గర్వం కూడా ఉండేది. ఇంటికి రాగానే చెప్పులు విప్పి, "రోజుకు నాలుగొందల మందితో మాట్లాడి వస్తున్నానే. నోరు నొప్పెడుతోంది. ఇంక నన్ను కదిలించకు" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస.

మూడో అంతస్తులో సాంకేతికత మీదా సమాజం మీదా పరిశోధన చేసే కేంద్రం ఉంది. యంత్రాలు తయారు చేసేవాళ్లు ఐదో అంతస్తులో ఉంటే, ఆ యంత్రాలు మనుషుల్ని ఏం చేస్తున్నాయో చూసేవాళ్లు రెండంతస్తులు కింద ఉండేవారు. ఇద్దరికీ మధ్య రాకపోకలు లిఫ్టులోనే గానీ మాటల్లో లేవు. ఆ కేంద్రంలో పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఉంది. ముక్కు మీద నిలవని కళ్లజోడును నిమిషానికోసారి పైకి తోసుకుంటుంది కాబట్టి అందరూ కళ్లజోడమ్మాయి అనేవారు. పాత లిఫ్టు తీసేసి, ఎవరి బొత్తాం వాళ్లే నొక్కుకునే కొత్త లిఫ్టు పెట్టబోతున్నారని తెలిసినప్పుడు ఆమెకు సిద్ధాంత వ్యాసానికి అంశం దొరికింది. యంత్రం తెలివి మీరితే మనుషుల మధ్య మాట తగ్గుతుందా, పెరుగుతుందా? ఆ సంగతి తేల్చాలి.

ఒకటో తారీఖు పొద్దున్నే గళ్ల నోటుబుక్కు ఒకటి తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది.

"బాబాయ్, మీతో ఎవరైనా మాట్లాడితే ఒక గీత పెట్టండి. రోజు చివర్లో గీతలన్నీ కూడి పక్కన అంకె వెయ్యండి. అంతే."

"ఓస్, అంతేనా? ఈ బుక్కు వారానికే నిండుతుంది. ఇంకో నాలుగు కొనిపెట్టుకో తల్లీ."

"ఒక్క షరతు. అంతస్తు చెప్పడం మాట కాదు. 'మూడు', 'ఐదు', 'కిందికి' అంటే గీత పెట్టకూడదు. ఫోన్లో మాట్లాడుకున్నా, వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నా లెక్కలోకి రాదు. మీతో, మీవైపు చూసి, ఇంకేదైనా ఒక్క మాట అనాలి."

బాబాయ్ నవ్వి పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆ పెన్ను అక్కడే ఉంది.

నాలుగొందల పన్నెండు మంది ఎక్కారు, దిగారు. "రెండు", "నాలుగు", "గ్రౌండ్". మొదటి రోజు కదా అనుకుని సున్నా వేశాడు. రెండో రోజూ సున్నా. మూడో రోజు, పరీక్షల కాలం, ఆదివారం కూడా సెలవు లేదు, పిల్లలకు తీరిక లేదేమో అనుకున్నాడు. లిఫ్టు ఎక్కిన మనిషి ఎలా నిలబడతాడో ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి గమనించాడు. ఎక్కగానే ఎంత గొప్ప పండితుడైనా సరే పైకప్పులో ఫ్యాను రెక్కలు లెక్కపెడతాడు. లేదంటే ఫోన్లోకి దూకుతాడు. తొమ్మిదో రోజున గడ్డపాయన ఒకడు ఎక్కి, బాబాయ్ వైపే చూస్తూ "అబ్బ, ఏం ఎండండీ!" అన్నాడు. బాబాయ్ గుండె గంతులేసింది. గీత గీసేశాడు. "అవునండీ, మూడ్రోజుల నుంచీ..." అని మొదలుపెట్టేలోపే ఆయన చెవిలో ఉన్న బుల్లి ఫోను గుండీ కనిపించింది. గడ్డపాయన ఎక్కడో ఉన్న తన బావమరిదితో ఎండ గురించి మాట్లాడుతున్నాడు. బాబాయ్ గీతను అడ్డంగా కొట్టేసి సున్నా వేశాడు.

పదకొండో రోజు సాయంత్రం ఆ కాగితాన్ని చూస్తే ఆయనకు తల కొట్టేసినట్లయింది. పదకొండు సున్నాలూ వరసగా నిలబడి ఆయన్నే చూస్తున్నాయి. పర్రున చించాడు. పారేద్దామంటే చెయ్యి రాలేదు. అది ఆ పిల్ల బుక్కులో కాగితం, పైగా తను రాసిన నిజం. నాలుగు మడతలు పెట్టి తను కూర్చునే స్టూలు మీది మెత్త కిందికి తోశాడు. బుక్కు ఇచ్చిన రోజే ఊరెళ్లిన ఆమె తిరిగొచ్చి అడిగితే "జ్వరమొచ్చిందమ్మా, పన్నెండో తారీఖు నుంచే రాశాను" అన్నాడు. ఆమె నమ్మింది.

పన్నెండో తారీఖు పొద్దున ఐదో అంతస్తు ఇంజనీరింగు మాస్టారు ఎక్కాడు. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మీ బూటు లేసు ఊడింది. తొక్కుకుంటారు."

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. లిఫ్టు గోడ మాట్లాడినట్లు చూశాడు. వంగి లేసు కట్టుకుని, "బాగా చెప్పారు బాబాయ్. ఇందాక మెట్ల మీద ఇందుకే పడబోయాను" అన్నాడు.

ఒక గీత పడింది.

ఇక ఆగలేదు. మోకాలి నొప్పి లైబ్రేరియనమ్మను "నిన్న వేసుకున్న పట్టీ పనిచేసిందా?" అని అడిగాడు. డబ్బా మోసుకొచ్చిన కుర్రవాడిని "ఇందులో ఏముంది నాయనా, బాంబు కాదు కదా?" అన్నాడు. ఆరేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు ఆచార్యులు ఒకరోజు ఖర్మ కాలి ఒకే లిఫ్టు ఎక్కితే, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య పిడి కాస్త బిగుసుకుందని చెప్పి, వాళ్లిద్దరూ కలిసి తనను తిట్టేదాకా కదల్లేదు. నెల తిరిగేసరికి రోజుకు ముప్పై ఏడు గీతలయ్యాయి. పోయిన గొడుగులు, దొరికిన తాళాలు, ఎవరికి ప్రమోషను, ఎవరింట్లో పురుడు, అన్నీ ఆ పెట్టెలోనే పంపిణీ అయ్యేవి.

కొత్త లిఫ్టు వచ్చింది. అద్దంలాంటి ఉక్కు గోడలు, వెలిగే అంకెలు, "మూడవ అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి" అనే ఆడగొంతు. బాబాయ్ ఆ గొంతుకు చిలక అని పేరు పెట్టాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది కాబట్టి ఆయన్ని సహాయకుడన్నారు. సహాయం ఎవరికో, దేనికో కాగితంలో రాయలేదు. తన పాత స్టూలే వేసుకుని చిలక పక్కనే కూర్చున్నాడు. పిడి తిప్పే పని లేదు కాబట్టి నోటికి పూర్తి తీరిక. గీతలు తొంభై దాటాయి, నూట నలభైకి చేరాయి.

కళ్లజోడమ్మాయి లెక్కలన్నీ కూడింది. ఆమె గైడు ప్రొఫెసరుగారు ఎగిరి గంతేశారు. "యంత్రం వచ్చాక మాట పెరిగింది! అందరూ ఏడుస్తున్నదానికి సరిగ్గా ఎదురు! ఈ ఒక్క వాక్యంతో మనం ఏ సదస్సుకైనా వెళ్లొచ్చు!" అన్నారు. వ్యాసం పూర్తయింది, మౌఖిక పరీక్షకు తేదీ పడింది. ఏడాది ఎలా గడిచిందో తెలియలేదు.

పరీక్షకు ముందు రోజు నాలుగింటికి అమ్మాయి లిఫ్టు ఎక్కింది, మొహం వాడిపోయి ఉంది.

"బాబాయ్, పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి వచ్చే మేడమ్ ఉత్తరం రాశారు. మొదటి పదకొండు రోజులు ఏమయ్యాయి అని అడుగుతున్నారు. మొదలు ఎలా ఉందో తెలియకుండా పెరిగిందని ఎలా చెప్తావు అంటున్నారు. మీకు జ్వరమని రాద్దామని హాజరు పట్టీ తీశాను." కళ్లజోడు పైకి తోసుకుంది. "పదకొండు రోజులూ మీ సంతకాలున్నాయి."

"మూడవ అంతస్తు" అంది చిలక.

"రేపు పొద్దున చెప్తానమ్మా" అన్నాడు బాబాయ్.

ఇంటికి వెళ్లేసరికి భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఈయన గోడవైపు తిరగలేదు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు.

"పదకొండు రోజులా?"

"పదకొండు."

"ఒక్కరూ పలకరించలేదా?"

"ఒక్కరూ."

ఆమె చేతిలోని చొక్కా ఒళ్లో పెట్టుకుని పడీ పడీ నవ్వింది. "నోరు నొప్పెడుతోందని ముప్పై ఏళ్లు గోడకు చెప్పారు కదండీ! నేనేమో పాపం, ఊరందరితో వాగి వచ్చిన మనిషి అని నోరు మూసుకుని కూర్చున్నాను!"

"నవ్వుతావేమే? అక్కడ ఆ పిల్ల చదువు పోయేలా ఉంది. కాగితం ఇస్తే నా పరువు పోతుంది. రేపు హాలు నిండా జనం. ముప్పై రెండేళ్లు పనిచేసి, పలకరించే దిక్కు లేనివాడని..."

"పరువు మీ ఒక్కరిదే పోతుందా? ఎక్కిన నాలుగొందల మందిదీ పోదూ?" అంది ఆమె. మళ్లీ చొక్కా అందుకుంది. "అయినా ఆ పిల్ల షరతు మనింటికి పెట్టి చూడండి. 'కాఫీ', 'తువ్వాలు', 'తలుపెయ్యి'. మీరు నాతో అనేవన్నీ అంతస్తు నెంబర్లే కదా. మీ బుక్కులో సున్నాలు పదకొండే. నేను రాసి ఉంటే గదికి పట్టేవి కావు."

నవ్వుతూనే అంది గానీ, బాబాయ్ తనూ ఒక చొక్కా అందుకుని ఆమె పక్కన మడత పెట్టసాగాడు.

పొద్దున ఎనిమిదింటికి మెత్త ఎత్తి, ఏడాదిగా తాను కూర్చున్న కాగితాన్ని తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. ఎందుకు చించాడో, ఆ తర్వాత తానే ఎలా మాటలు మొదలుపెట్టాడో అంతా చెప్పాడు. అమ్మాయి స్టూలు మీద కూలబడింది.

"కొంప ముంచారు బాబాయ్! మాట పెంచింది యంత్రం కాదన్నమాట, మీరు!"

"నేను కూడా కాదమ్మా. నీ బుక్కు. అది లేకపోతే నేను నోరు తెరిచేవాణ్ణే కాదు."

ఆమె తలెత్తి చూసింది. కళ్లజోడు జారి ముక్కు కొసకు వచ్చినా తోసుకోలేదు.

ప్రొఫెసరుగారు సంగతి విని చెవులు మూసుకున్నారు. "ఆ కాగితం నాకు చూపించలేదు, నేను చూడలేదు. పన్నెండు నుంచే మొదలుపెట్టు" అన్నారు. అమ్మాయి కాగితం పుస్తకంలో పెట్టుకుంది.

పరీక్షకు వచ్చిన మేడమ్ పొట్టి మనిషి, తెల్లజుట్టు, చేతిలో బరువైన సంచి. ఆమె లిఫ్టు ఎక్కినప్పుడు బాబాయ్ పెదాలు బిగబట్టుకున్నాడు. తన నోటి వల్ల ఇప్పటికే ఒక పరిశోధన పాడైంది, ఇంకోటి పాడుచెయ్యకూడదని పట్టుదల. సంచి పట్టీ తెగేలా ఉంది, చెప్పకుండా ఉండడం ఆయనకు ప్రాణసంకటమైంది. మూడో అంతస్తు వచ్చేసరికి చెమట పట్టింది.

హాలులో అమ్మాయి లేచి మొదటి మాటగా ఆ కాగితం చూపించింది. ప్రొఫెసరుగారు కిటికీలోంచి ఆకాశం చూశారు. మేడమ్ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇది ఇవాళ పొద్దున రాయలేదని నమ్మకమేమిటి? రాసినాయన్ని పిలవండి" అంది.

బాబాయ్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని వచ్చాడు.

"తొమ్మిదో తారీఖున ఒక గీత గీసి కొట్టేశారు. ఎందుకు?"

బాబాయ్ గడ్డపాయన సంగతీ, ఎండ సంగతీ, బావమరిది సంగతీ చెప్పాడు. హాలంతా ఘొల్లుమంది. వెనక వరసలో గడ్డపాయన తన చెవిలోని గుండీ తీసి జేబులో వేసుకున్నాడు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "దొంగలెక్క రాసేవాడు ఆ గీతను ఉంచుకుంటాడు, కొట్టేయడు. ఈ కాగితాన్ని నేను నమ్ముతున్నాను" అంది. "మరి ఎందుకు చించారు?"

"సిగ్గేసిందమ్మా. సున్నాలు వెయ్యడానికి మళ్లీ చెయ్యి రాలేదు. గీతలు కావాలంటే ఎవరో ఒకరు మొదలెట్టాలి కదా అని..."

రోజూ ఆ లిఫ్టు ఎక్కేవాళ్లలో చాలామంది తమ కాళ్లవైపు చూసుకున్నారు. ఇంజనీరింగు మాస్టారు లేసు సరిచేసుకుంటున్నట్లు వంగాడు. బాబాయ్ భయపడిన అవమానం హాలులోకి వచ్చింది నిజమే. కానీ అది ఆయన దగ్గర ఆగలేదు, వరసలన్నిటికీ సమంగా పంపకమైపోయింది.

మేడమ్ అమ్మాయి వైపు తిరిగింది. "పట్టా ఇవ్వొచ్చని రాస్తాను. చివరి అధ్యాయం మాత్రం మూడు నెలల్లో తిరగరాయి. యంత్రం వచ్చాక మాట పెరగలేదు. లెక్క పెట్టమన్నాక పెరిగింది. నీకు దొరికింది నువ్వు వెతికిన దానికంటే పెద్దది."

ప్రొఫెసరుగారు కిటికీ నుంచి తిరిగి వచ్చి, "నేను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను" అన్నారు.

సాయంత్రం మేడమ్ దిగుతున్నప్పుడు లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. బాబాయ్ ఇంక ఆగలేకపోయాడు. "మీ సంచి పట్టీ తెగబోతోందమ్మా."

"పొద్దున్నే చెప్పొచ్చు కదా! హాలు మెట్ల దగ్గర తెగి పుస్తకాలన్నీ పడ్డాయి, ముడి వేసుకున్నాను." ఆమె మొదటిసారి నవ్వింది. "మా భవనంలో లిఫ్టు ఆయన్ని తీసేసి పదేళ్లయింది. మొహం గుర్తుంది. గొంతు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు."

"నెంబరే చెప్పేవారేమో మీరు."

"నెంబరు కూడా కాదు. వేళ్లు చూపించేదాన్ని."

చిలక కింది అంతస్తు వచ్చిందని చెప్పింది. బాబాయ్ చెయ్యి అలవాటుగా చెవి మీది పెన్ను వైపు వెళ్లి, బుక్కు లేదని గుర్తొచ్చి, ఆగిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, గోడవైపు చూడను కూడా చూడలేదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని గడ్డపాయన దగ్గర్నుంచి మేడమ్ వేళ్ల దాకా ఒక్కటీ వదలకుండా చెప్పుకొచ్చాడు. పొయ్యి మీద గిన్నె రెండుసార్లు అడుగంటబోయింది. చివరికి భార్య గరిటె పక్కన పెట్టి, "భోజనానికి లేవండి" అంది.

"అది అంతస్తు నెంబరే. లెక్కలోకి రాదు" అన్నాడు బాబాయ్.

"అయితే ఇంకో నెంబరు చెప్తాను వినండి. మీరు కూర్చుని గంటన్నర అయింది. నా చెవులు నొప్పెడుతున్నాయి" అంది ఆమె, కంచం ఆయన ముందు పెడుతూ. "తింటూ చెప్పండి. ఆ గడ్డపాయన ఇంతకీ తల ఎత్తాడా, లేదా?"