ఊగుతున్న పంపు

టెక్సస్‌లో మంగలి షాపు నడిపే వెర్నన్‌కి చమురు బావిలో వాటా కొన్ననాటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. బావి ఎక్కడుందో కంపెనీ మనిషి కారులోంచే చెయ్యి చాపి చూపించాడు, అంతే. రోజూ మధ్యాహ్నం వెర్నన్ సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, ట్రక్కెక్కి అక్కడికి పరుగెత్తేవాడు. కంచె అవతల చమురు తోడే పంపు తల పైకీ కిందికీ ఊపుతుంటే చూసి, "ఊగుతోంది" అని గొణుక్కుంటేగానీ అతనికి అన్నం సయించేది కాదు.

ఒకరోజు భార్య లొరెట్టా కూడా వెంట వచ్చి, గేటుకున్న బోర్డు చదివింది.

"ఏమయ్యా, మన బావి పేరేంటి?"

"ప్రూయిట్. కాగితాల్లో చూళ్ళేదూ?"

"మరి ఇక్కడ గారిసన్ అనుందే! నీ మొహం మండ, ప్రూయిట్ అదిగో!"

రోడ్డుకి అటుపక్క ఇంకో పంపు తుప్పుపట్టి, కదలకుండా నిలబడి ఉంది. ఓ ఆవు దానికి వీపు రుద్దుకుంటోంది.

"అది ఆగి ఎన్నాళ్ళయిందో!" అంది లొరెట్టా.

"నోరు ముయ్యవే!" అని అరిచాడు వెర్నన్.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాడు. ప్రూయిట్ కంటపడకుండా ట్రక్కుని అడ్డంగా ఆపి, గారిసన్ కేసే చూస్తూ కూర్చున్నాడు.

"ఊగుతోంది," అనుకున్నాడు.