మంచుకు కన్నాలు పెట్టే సార్జెంట్

గడ్డకట్టిన నీళ్ళు కనిపిస్తే చాలు, కన్నం పెట్టి మంచు మందం కొలవందే మా సార్జెంట్ ఒస్మో కివెలాకు కాలు ముందుకు పడేది కాదు. చలికాలంలో చేపలు పట్టేవాళ్ళు వాడే చేతి బరమా ఒకటి ఎప్పుడూ ఆయన కుడి భుజాన వేలాడేది. తుపాకీ ఎడమ భుజానికి మారింది.

సరస్సుకు కన్నాలు పెడితే ఎవరూ తప్పు పట్టరు. ఈయన భోజనశాల ముందు గుంటకు కూడా పెట్టేవాడు. ఆ గుంట లోతు బెత్తెడు.

"మునిగినా చీలమండ దాకానే కదండీ!" అన్నాడు నా పక్క మంచం యూసి.

"చీలమండ నీకు అక్కర్లేదా? ఇలా తీసుకురా, కోసి పారేద్దాం!" అని కసిరాడు సార్జెంట్.

ప్రతి గురువారం మాకు బఠాణీ సూపు. అది చల్లారి పైన తొరక కడితే, చెంచాతో నాలుగు చోట్ల పొడిచి చూసి గానీ తినేవాడు కాదు. ఆయన తినే వరకు మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఫిన్లండ్‌లో అందరు కుర్రాళ్ళలాగే సైన్యంలో చేరక తప్పలేదు. నన్ను ఆరు చక్రాల సాయుధ వాహనానికి డ్రైవరుగా వేశారు. పదిహేను టన్నుల ఇనుము, నెత్తిన పెద్ద మెషిన్‌గన్. దాన్ని గడ్డకట్టిన సరస్సు మీదుగా దాటించాలి. జవాన్లంతా దిగి దూరంగా నడిచి వస్తారు, డ్రైవరు ఒక్కడే లోపల ఉంటాడు. సీటు బెల్టు పెట్టుకోకూడదు, తలుపులూ పైమూతలూ బార్లా తెరిచి ఉంచాలి, తుపాకీ ఒంటికి తగిలించుకోకూడదు. మంచు విరిగితే బయటపడి ఈదాలి కదా, అందుకు.

నాకు ఈత రాదు.

అడుగడుగునా సరస్సే ఉన్న దేశంలో ఆ మాట ఎవరితో చెప్పను? చేరినప్పుడు ఇచ్చిన కాగితంలో 'ఎంత దూరం ఈదగలవు' అన్న చోట రెండు వందల మీటర్లని రాసేశాను. అప్పటి నుంచి సరస్సు పేరెత్తితే నేను మాట మార్చేసేవాణ్ణి.

మొదటిసారి సరస్సు దాటాల్సిన రోజు బండిని ఒడ్డుకు తెచ్చి ఆపాను. సార్జెంట్ బరమాతో నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక చక్రం దగ్గర ఆగాడు.

"కోర్పెలా!" అని నన్ను పేరు పెట్టి కేకేశాడు. "ఇదేమిట్రా, బోల్టు వదులైంది!"

"పొద్దున్నే బిగించానండీ."

"నాకు ఎదురు చెప్తావా? ఈ బండి మంచు మీదకి రాదు. రోడ్డెక్కి చుట్టు తిరిగి రా."

చుట్టు దారి నలభై కిలోమీటర్లు. దారంతా ఈల వేసుకుంటూ నడిపాను. రెండోసారీ బోల్టే, మూడోసారీ బోల్టే. "కోర్పెలా బండికి నీళ్ళంటే పడదు, జలుబు చేస్తుంది" అని జట్టంతా వెక్కిరించడం మొదలుపెట్టారు. డ్రైవరుగా నా పరువు పోయింది. ప్రాణం మాత్రం హాయిగా ఉంది. ఆ హాయికి నాకే సిగ్గేసేది.

మార్చి చివర ఆఖరి యుద్ధ విన్యాసాలు వచ్చాయి. పగలు పొడుగైంది, మంచు పైన నీళ్ళు మెరుస్తున్నాయి. కెప్టెన్ తెర్హో మా అందరినీ ఒడ్డున నిలబెట్టాడు.

"తొమ్మిదింటికల్లా అన్ని బండ్లూ అవతల ఉండాలి. ఒక్కటి ఆగినా మనం ఓడినట్టే. చుట్టు దారిలో వంతెన శత్రువు పేల్చేశాడు."

నేను తల తిప్పి చూశాను. వంతెన నిక్షేపంగా ఉంది, దాని మీద పాల బండి పోతోంది. కానీ ఆటలో పేలినట్టు లెక్క. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

సార్జెంట్ తెల్లవారగానే మొదలుపెట్టి తొంభై కన్నాలు పెట్టాడు. "చేపలేమైనా పడ్డాయా?" అని కెప్టెన్ వేళాకోళం చేశాడు. "మన బండికి అరవై సెంటీమీటర్లు కావాలి సార్. రెల్లు దగ్గర నలభై రెండే ఉంది, దారి జరపాలి" అన్నాడు సార్జెంట్. కెప్టెన్ వేళాకోళం మానేసి దారి జరిపించాడు.

నాలుగు బండ్లు దాటాయి. మంచు లోపల్నుంచి మూలుగుతోంది. తర్వాత నా వంతు. నేను పైమూత తెరిచి, బెల్టు విప్పాను.

"ఆగు! బోల్టు వదులైంది!" అని అరిచాడు సార్జెంట్.

కెప్టెన్ స్పానరు అడిగి తీసుకుని, తానే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో బోల్టూ పట్టి చూశాడు.

"సార్జెంట్, ఇవి రాయిలా బిగిసి ఉన్నాయి."

కివెలా మొహం ఎర్రబడింది.

"అయితే... ఇంజను శబ్దం నాకు నచ్చలేదు సార్. నేనే నడుపుతాను. వీడు నూరు మీటర్ల వెనక నడిచి వస్తాడు."

"వీడెందుకు వెనక?"

"బండిలోంచి ఊడిపడేవి ఏరడానికి సార్!"

కెప్టెన్ గడియారం చూసుకుని చెయ్యి ఊపేశాడు. సార్జెంట్ బరమా నా చేతిలో పెట్టి, డ్రైవరు సీటెక్కి, తలుపు బార్లా తెరిచి కదిలాడు. బండి నత్తనడకన పోతోంది. చక్రాల కింద మంచు టప్‌మన్నప్పుడల్లా నేను ఆగి, మళ్ళీ నడిచాను. నేను ఏరడానికి ఏమీ ఊడిపడలేదు.

అవతలి ఒడ్డున ఆయన దిగి, చక్రాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమైనా దొరికాయా?"

"ఏమీ పడలేదండీ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆవిరి స్నానం అయ్యాక అందరూ మంచులో కోసిన మడుగులోకి దూకుతుంటే నువ్వు నిచ్చెన వదలవు. జనవరిలోనే చూశాన్రా."

"ఎవరికైనా చెప్పారా?"

"నాకేం పని లేదా? విను. మంగళవారం సాయంత్రం టౌన్లో ఈత కొలనుకు రా. పిల్లల తరగతి."

"మీరు నేర్పుతారా అండీ?"

"నాకొస్తే కదా నేర్పడానికి!" అన్నాడు విసుగ్గా. "నిచ్చెన పట్టుకునేవాణ్ణి నేనెలా కనిపెట్టాననుకున్నావు? ఇరవై ఏళ్ళుగా రెండో నిచ్చెన నాదే. ఆ చంటిపిల్లల మధ్య ఒక్కణ్ణే నిలబడాలంటే సిగ్గురా. తోడు దొరికావు."