పేజీ పేజీకీ పెరిగిన గాడిద పిల్ల

అమ్మమ్మ చేతికి పెన్సిలిస్తే గీత పాములా వంకర్లు పోతుంది. కత్తెరిస్తే మాత్రం ఆమెకు అడ్డే లేదు. వీధి మలుపులో ఏళ్ళ తరబడి టైలరు దుకాణం నడిపిన చెయ్యి అది. కొలతలకు నిలబడమంటే గింజుకునే పిల్లల కోసం మిగిలిన ముక్కలతో ఒక గాడిద పిల్లను కుట్టి, మేకుకు తగిలించింది. "కదిలారంటే గాడిద నవ్వుతుంది" అని బెదిరించేది. నవ్వే గాడిదను చూడాలని కొందరు మరింత కదిలేవారు, అది వేరే సంగతి.

చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించమని తాతయ్యను బతిమాలుకోవలసి వచ్చాక దుకాణం మూసేసింది. తాతయ్య ఎక్కించేవాడే గానీ, ఎక్కించిన ప్రతిసారీ కొండ ఎక్కొచ్చినంత గొప్పలు పోయేవాడు. ఆ తరవాత అమ్మమ్మను పనుందని పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. ఒంట్లో ఏ నొప్పీ లేకపోయినా మనిషి డీలా పడిపోయింది.

అలాంటి రోజుల్లో పుస్తకాలమ్మాయి వచ్చింది. ఒకప్పుడు అదే దుకాణంలో గౌను కొలతలకు నిలబడిన పిల్ల. ఇప్పుడు రెండు గదుల ఆఫీసు పెట్టి పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తోంది.

"టైలరత్తా, ఆ గాడిద ఉందా, పారేశావా?"

"ఎందుకు పారేస్తానే? మీ మామయ్యనే పారెయ్యలేదు."

"అయితే దాన్ని పుస్తకంలోకి ఎక్కిద్దాం. నువ్వు గీయక్కర్లేదు. గుడ్డతో కత్తిరించి అట్టల మీద అంటించు, నేను ఫోటోలు తీసి అచ్చు వేయిస్తాను. కథ నీ ఇష్టం. ఒక్కటే మాట అత్తా, ఏ పేజీ తిప్పినా 'ఇదే మన గాడిద' అని పిల్లలు గుర్తుపట్టాలి. అలా కుదరకపోతే ఏమీ అనుకోకు, ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను."

ఇంకొకళ్ళకి అన్న మాట అమ్మమ్మకు ముల్లులా గుచ్చుకుంది. తన గాడిదను ఇంకొకళ్ళు చేయడమేమిటి?

కథ ఇట్టే కుదిరింది. గాడిద పిల్ల తల్లితో దాగుడుమూతలు ఆడుతుంది. బకెట్టు వెనక, కుర్చీ కింద, తలుపు చాటున, బీరువా పక్కన దాక్కుంటుంది. చివరి పేజీలో తల్లికి దొరికిపోతుంది. బూడిదరంగు గుడ్డ కోసం తాతయ్య ప్యాంటుకు మూడింది.

"అదింకా పనికొస్తుందే!"

"పనికొస్తుందనే కదా తీసుకున్నాను."

మందపాటి కాగితంతో నమూనా కత్తిరించింది. ఒక చెవి నిటారుగా, ఒక చెవి మడతగా. కంటికి చొక్కా గుండీ. మొదటి గాడిద తయారయ్యేసరికి తాతయ్య వచ్చి నమూనా మీదే టీ ఒలకబోశాడు. అమ్మమ్మ నాలుగు తిట్లు తిట్టి, మొదటి గాడిదనే గుడ్డ మీద పరిచి రెండోదాన్ని కత్తిరించింది. మొదటిది అట్టకు అతుక్కుపోయాక రెండోదాన్ని పరిచి మూడోదాన్ని. అలా వరసగా సాగింది పని.

పుస్తకాలమ్మాయి వస్తానన్న సాయంత్రం అట్టలన్నీ నేల మీద వరసగా పరిచింది. తాతయ్య ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి ఆగాడు.

"దీనికేం పెడుతున్నావే? నాకూ అదే పెట్టు."

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. బకెట్టు వెనక గాడిద బుజ్జిగా ఉంది. కుర్చీ కిందది కాస్త బొద్దుగా ఉంది. బీరువా పక్కన దాని వెనక భాగమంతా బయటే. చివరి అట్టను గాడిద ఒక్కటే ఆక్రమించేసింది. తల్లికి కాలు పెట్టే చోటు లేదు.

అమ్మమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "కుట్టుకి వదిలాను!"

టైలరు ఎప్పుడూ గీత మీద కత్తిరించదు. కుట్టులోకి పోయేందుకు చుట్టూ వేలెడు గుడ్డ వదులుతుంది. జిగురుతో అంటించే బొమ్మకు కుట్టెక్కడిది? చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రతి పేజీకీ వేలెడు చొప్పున పెంచుకుంటూ పోయింది. మళ్ళీ చేద్దామంటే ప్యాంటులో మిగిలింది జేబు ముక్కే.

"ఇంకో ప్యాంటిస్తావా?"

"ఒంటి మీదున్నదొక్కటే ఉంది. అదీ అడుగుతావా?"

ఇక ఇంకొకళ్ళకే ఇచ్చుకోమ్మా అని చెప్పేద్దామని అమ్మమ్మ ఫోను అందుకుంది. సరిగ్గా అప్పుడే కూతురు పని నుంచి వచ్చి, వెనక నుంచి వాటేసుకుని, తల్లి నడినెత్తి మీద గడ్డం ఆనించి, "ఏం చేస్తున్నావమ్మా?" అంది. అమ్మమ్మ ఆ కూతురి భుజం దాటదు.

"ఉండు, కదలకు" అంది అమ్మమ్మ. కూతురి గడ్డం కింద నుంచే వాళ్ళిద్దరి నీడను గోడ మీద కాసేపు చూసింది. ఫోను పక్కన పడేసి కత్తెర తీసింది.

పుస్తకాలమ్మాయి వచ్చి, అట్టలు చూస్తూ బీరువా పేజీ దగ్గరకొచ్చేసరికి పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. "అత్తా, ఇది పెరుగుతోంది."

"పెరుగుతోంది. కావాలని చేయలేదు, చెయ్యి చేసిన పని. అయినా ఎదిగే పిల్లని ఎవరైనా గుర్తుపట్టరా?"

ఆ అమ్మాయి అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. గాడిదల ఒళ్ళంతా అరచేతులతో కప్పి ఒక్కొక్క ముఖమే చూసింది. "ఇది మనదే. ఇదీ మనదే. తలుపు చాటున ఉన్నదెవరో మన గాడిద చుట్టం. చెవి మడత అటు పోయింది చూడు."

నిజమే. అక్కడ గుడ్డ తిరగేసి కత్తిరించింది. అమ్మమ్మ చెవులు ఊడదీసి, అటుదిటు మార్చి అంటించింది.

చివరి అట్ట మీద ఇంత పెద్ద గాడిద చిన్న బకెట్టు వెనక దాక్కుంది. దాని మోకాలెత్తున జేబు ముక్కతో చేసిన తల్లి గాడిద. ఎదురుగా నిలబడి, ఎటో చూస్తూ, "నా పిల్ల ఎక్కడా కనిపించదేం?" అంటోంది.

"తల్లి ఇంత చిన్నదేంటత్తా?"

"పెద్దయిన పిల్ల పక్కన తల్లులు అలాగే ఉంటారమ్మా."

పుస్తకాలమ్మాయి చాలాసేపు ఆ పేజీ వదల్లేదు. తరవాత అట్టలన్నీ ఒద్దికగా సంచిలో పెట్టుకుంది. "బడులు తెరిచేలోపు పుస్తకం వచ్చేస్తుంది. మరి పుస్తకం పై అట్ట మీద ఏ గాడిదని పెడదాం? చిన్నదా, పెద్దదా?"

"ముందు ఆ అట్ట కొలతలు చెప్పు" అంది అమ్మమ్మ, టేపు కోసం వెతుక్కుంటూ.