చింతపండుతో తోమిన సమురాయ్ టోపీ

మొన్న జపాన్ నుంచి వచ్చిన చెక్కపెట్టె మూత తీయగానే పాత ఇనుమూ, లక్కా, ఏ కాలంలో ఎవరి చెమట పీల్చుకుందో తెలియని పట్టుదారమూ కలిసిన వాసన ఒకటి గదంతా పరుచుకుంది. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి "ఇంకోటా?" అన్నారు. ఇంకోటే. ఒంగోలులో నేను పళ్ల డాక్టర్ని. కింద క్లినిక్, పైన ఇల్లు, ఆ ఇంట్లో హాలు గోడ పొడవునా సమురాయ్ యోధుల పాత శిరస్త్రాణాలు. చూసిన ప్రతివాళ్లూ "జపానోళ్ల టోపీలు మీకెందుకండీ?" అంటారు. బీరువాల నిండా చీరలు కొనుక్కుంటే ఎవరూ అడగరు. దర్శి పక్క పల్లెలో మిరప పండించే ఇంట్లో పుట్టిన ఆడమనిషి కత్తియుద్ధాల వాళ్ల టోపీలు దాచుకుంటే మాత్రం సంజాయిషీ కావాలి. సంజాయిషీ నేను ఇవ్వను. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో మాత్రం చెబుతాను.

మా నాన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు. వారం చివర బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉండేది. పొలం, ఇల్లు, మేము, అన్నీ నాయనమ్మ చేతికిందే. శివరాత్రి వెళ్లి ఎండ ముదిరేవేళకు ఊరి చుట్టూ కళ్లాలన్నీ ఎర్రగా మిరపకాయలు పరుచుకుని, గాలి వీస్తే చాలు వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా అందరూ వరసపెట్టి తుమ్మేవాళ్లం. మేము పత్తి పోసిన గదిలోకి గడప మీద నుంచి దూకి, ముక్కుల్లో చెవుల్లో దూది ఇరికించుకుని, నాయనమ్మ రోట్లో నూరిన పండుమిరప పచ్చడి వేడన్నంలో కలుపుకుని, నోరు మండి కుండ దగ్గరికి పరుగెత్తేవాళ్లం.

ఆ క్వారీకి రాళ్లు ఎంచుకోవడానికి జపాన్ నుంచి ఒక పెద్దాయన వస్తుండేవాడు. నల్లరాయిని తడిపి, వంగి, అద్దంలో మొహం చూసుకున్నట్టు చూసేవాడట. హోటలు తిండి పడక అల్లాడుతుంటే నాన్న మా ఇంటికి తీసుకొచ్చాడు. నాయనమ్మ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి గోంగూర వడ్డించింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆయన ఆపకుండా తింటూనే ఉన్నాడు. "ఎవరు కన్న బిడ్డో, పొట్ట చేత పట్టుకుని ఇంత దూరం వచ్చాడు. నెయ్యి పొయ్యవే!" అని మా అమ్మను కసిరింది. అప్పట్నుంచి ఎప్పుడొచ్చినా భోజనం మా ఇంట్లోనే. ఆఖరిసారి వచ్చినప్పుడు బట్టలో చుట్టిన ఒక బరువైన వస్తువు తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని, వంగి, నాయనమ్మకు ఇచ్చాడు. వాళ్ల పెద్దలదట. తమ ఇల్లు అమ్మేశారనీ, పెట్టుకోవడానికి చోటు లేదనీ, ఇక్కడైతే భద్రంగా ఉంటుందనీ చెప్పాడని నాన్న తెలుగులో చెప్పాడు. అది నల్లటి లక్క పూసిన ఇనప టోపీ. మెడ మీదికి వేలాడే రేకుల్ని పట్టుదారాలతో కుట్టారు.

ఆ భద్రం ఎంతదంటే, ఉగాది ముందు ఇత్తడి బిందెలూ చెంబులూ వాకిట్లో వరసగా పెట్టి తోముతూ, దాన్ని కూడా ఆ వరసలో పెట్టింది నాయనమ్మ. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు. ఒకవైపు లక్కంతా లేచిపోయి ఇనుము బయటపడింది. నాన్న నెత్తి పట్టుకున్నాడు. "ఎంత మకిలి పట్టిందో చూడరా! పాపం, వాళ్లింట్లో తోమే దిక్కు లేదు కాబోలు," అని నాయనమ్మ, తుప్పు పట్టకుండా దానికి ఆముదం రాసి, దేవుడి గూటి పక్కన చిలక్కొయ్యకు తగిలించింది.

మరుసటేడు మిరపకు బొబ్బర తెగులు వచ్చింది. ఆకులు పడవల్లా ముడుచుకుని చెట్లు గిడసబారిపోయాయి. మా పెదనాన్న చేను అందరికంటే ముందు పోయింది. ఆయనది వేరు కాపురం. అయినా తెల్లారి కాఫీ మాత్రం తల్లి చేత్తో తాగాల్సిందే. రోజూ అరుగు మీద కూర్చుని తాగి, చెల్లెల్ని పిలిచినట్టు మా అమ్మను పిలిచి, నాకు ఒక గుక్క మిగిల్చి వెళ్లేవాడు. అలాంటి మనిషి సోది చెప్పించుకున్నాడు. ఇంట్లో చచ్చినోడి ఇనుముందని సోదెమ్మ చెప్పింది. ఇక ఆయనకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నం కళ్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మధ్య నాయనమ్మ కూర్చుని ఉంది. పండిన కాస్త కాయా అక్కడే ఆరబోసి ఉంది. పెదనాన్న అందరి ముందూ అరిచాడు.

"అమ్మా, దాన్ని కాలవలో పారేస్తావా లేదా? ఎవడి పీనుగ మీద నుంచి తీసిందో!"

"ఏరా, మీ నాయన వాచీ పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావు గందా. ఆయన బతికే ఉన్నాడా?"

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పెదనాన్న మొహం కాయల కంటే ఎర్రబడింది. "అది ఉన్న ఇంట్లో నేను అడుగుపెట్టను. నేను కావాలో అది కావాలో తేల్చుకో."

నాయనమ్మ నన్ను పంపి టోపీ తెప్పించింది. కారం అంటిన చేతుల్తోనే దాన్ని ముసుగు మీద పెట్టుకుంది. రేకులు భుజాల దాకా దిగాయి. "పెట్టుకున్నాను. చచ్చేదేదో నేనే చస్తాలే. ఆ మనిషి నమ్మి నా చేతిలో పెట్టాడు. కాలవలో వెయ్యను." అని మళ్లీ కాయలు ఏరడంలో పడింది. ఆమె అంత అందంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు. అంత అందమైన యోధుణ్ణి ఏ బొమ్మల పుస్తకంలోనూ చూడలేదు.

పెదనాన్న మాట మీదే నిలబడ్డాడు. ఏ టోపీ లేని ఇళ్లవాళ్ల మిరప కూడా పోయిందని నాన్న ఎంత చెప్పినా వినలేదు. తెల్లారి కాఫీ గ్లాసు పట్టుకుని నాయనమ్మ అరుగు మీద కాసేపు నిలబడి, తనే తాగేసి లోపలికి వచ్చేది. ఏడ్చేది, నేను చూశాను. టోపీ మాత్రం చిలక్కొయ్య మీది నుంచి దిగలేదు. ఆమె పోయినరోజు కూడా ఆయన వాకిట్లోనే నిలబడి, అక్కణ్ణుంచే పాడెకు భుజం పట్టాడు. గడప దాటలేదు.

ఇప్పుడు ఆ కళ్లం లేదు. హద్దురాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగుతో సహా ఇల్లు పోయింది. చిలక్కొయ్య మీది టోపీ నా గోడ మీదికి వచ్చింది. ఊరంతా ఒకేసారి తుమ్మే రోజులు పోయాయి. శిరస్త్రాణాలు బాగుచేసే నిపుణుడొకాయన నా గోడ చూసి, ఆ మొదటిదాన్ని ఎవరో పాడుచేశారన్నాడు, కొత్త లక్క పూయించుకోమన్నాడు. అక్కర్లేదన్నాను. నా దగ్గరున్న వాటిలో దేన్ని ఏ యోధుడు పెట్టుకున్నాడో నాకు తెలియదు. దీన్ని ఎవరు పెట్టుకున్నారో తెలుసు.

పోయిన నెల పెదనాన్న కట్టుడుపళ్ల కోసం వచ్చాడు. ఇదివరకూ క్లినిక్‌కి వచ్చాడు కానీ పైకి ఎక్కింది లేదు. పైన ఏముందో ఆయనకు తెలుసు. ఈసారి నోరు కడుక్కుని, కుర్చీలోంచి లేవకుండా అడిగాడు.

"అమ్మాయ్, మా అమ్మ పెట్టుకున్న ఆ టోపీ ఉందా?"

"ఉంది."

"ఒక్కసారి కిందికి తెప్పియ్యవే. చూసి ఇచ్చేస్తా."

ఆ వయసు మనిషిని మెట్లెక్కించడం తప్పేనేమో. అయినా నేను ఒప్పుకోలేదు.

"తెప్పించను పెదనాన్నా. అది ఇంట్లో ఉంటుంది. చూడాలంటే ఇంట్లోకి రావాలి."

ఆయన కుర్చీలోంచి లేచాడు. చెప్పులు కిందే విడిచి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. గుమ్మం ముందు ఆగి, నా చెయ్యి అడిగి పట్టుకుని, గడప దాటాడు.

"కాఫీ పెట్టనా?" అన్నాను.