బుగ్గన అల్లం ముక్క

యుద్ధకాలంలో, పద్దెనిమిదేళ్ళ వయసులో, గురజాలలో నరసరావుపేటకు, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సెక్కాను. పేటలో ఒక పత్తి మిల్లుకు గుమాస్తా కావాలన్నారు. మా వంశంలో పని అడగడానికి బయలుదేరిన మొదటివాణ్ణి నేనే. తాతగారి నాటి ఆస్తి అంతా కరిగిపోయింది; ఈ పని దొరక్కపోతే అమ్మకూ నాకూ మరో దారి లేదు. అయినా వీపు ఆనించకుండా నిటారుగా కూర్చున్నాను. ఆనుకుని కూర్చోవడం మా ఇంట లేదు.

దారిలో నమలడం అంతకన్నా లేదు. అందుకే అమ్మ ఉప్పు రాసి పొట్లం కట్టిన అల్లం ముక్కలు జేబులోనే ఉండిపోయాయి. రెండు మైళ్ళు పోయేసరికి పొగ కమ్మింది, బస్సు ఊగింది, మిల్లు గుర్తొచ్చింది. కడుపులో దేవుతున్నది బస్సుకో భయానికో తెలియలేదు.

పక్కన గాజులమ్మే సాయెబుల ముసలమ్మ నా వంక చూసింది. "ఏంది బాబయ్యా, మొగం అట్టా పాలిపోయింది? జేబులో అల్లం వాసనొస్తంది, ఏసుకోరాదా?"

"మేము దారిలో నమలం."

"నమలమాకు. బుగ్గన పెట్టుకో. నమిల్తేనే గదా తప్పు!"

వెనక నుంచి ఎవరో, "బస్సులో కక్కడం ఉందంటనా అవ్వా వాళ్ళింట్లో?" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. నేను బుగ్గన పెట్టుకున్నాను.

ఘాటు చెవుల దాకా ఎక్కింది. కాసేపటికి కడుపు సర్దుకుంది, గుండె దడ కూడా తగ్గింది. ఎంత హుషారొచ్చిందంటే, పేటలో దిగేలోపు సగం పొట్లం అయిపోయింది. మిల్లు గుమ్మంలో మళ్ళీ దడ మొదలైతే రెండు ముక్కలు ఒకేసారి పెట్టుకున్నాను.

మేనేజరుగారు ఇంటిపేరు విని మా తాతగారి సంగతి అడిగారు. జవాబు చెప్పబోతే ఘాటు గొంతులో పడి, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఊరుకో నాయనా. అంత పెద్దింటి బిడ్డవు, ఎట్టా అయిపోయింది మీ బతుకు! పని ఇస్తాలే."

పని దొరికింది. కాని జాలి మీద! నోట్లోని ముక్కలు రెండూ అరచేతిలోకి తీసి చూపించాను. "ఏడవడం లేదండీ. ఇది అల్లం. నాకు పరీక్ష పెట్టండి."

ఆయన తెల్లబోయి, తరువాత బల్ల కదిలేలా నవ్వారు. ఒక ఉత్తరం చెప్పి రాయించారు. ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చాను.

"దస్తూరీ బాగుంది. పొగరూ చానా ఉంది. రేపట్నుంచి రా," అని, గొంతు తగ్గించి, "ఆ అల్లం ఇంకేమన్నా మిగిలిందా? మాపటికి ఓనరొస్తన్నాడు. పొద్దుట్నించి నాకూ కడుపులో దేవతంది," అన్నారు.

ఇద్దరం చెరో ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం.