శ్రుతి తప్పేరు బావగారూ

బావగారు వరండాలో ఉంటే నేను కుర్చీలో కూర్చోను. నాకిప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ వాతావరణ శాఖ కంటే ముందే వాన కబురు చెబుతాయి. అయినా ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే నా కాళ్ళు వాటంతటవే లేచి నిలబడతాయి. బావగారంటే మావారి అన్నయ్య. కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు నేర్పిన మర్యాద అది. ఆవిడ పోయి చాలా కాలమైనా మర్యాద మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. అటువంటి మనిషి ఎదుట నిలబడి "మీకు పాట రావట్లేదండీ" అని చెప్పాల్సిన పని పోయినేడు నా నెత్తిన పడింది.

పని నాకే ఎందుకు పడిందంటే, ఊళ్ళో నాకున్న పేరు అలాంటిది. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎర్రసిరా పెన్ను పట్టి పట్టి, తప్పు కనిపిస్తే నోరు ఊరుకోని మనిషినయ్యాను. శుభలేఖలో తప్పు కనిపించినా పెళ్ళివారికి ఫోన్ చేసి చెబుతాను. మావారు నన్ను యథార్థవాది లోకవిరోధి అంటారు. అది మెచ్చుకోలనుకునే నేనింతకాలం కాపరం చేశాను.

బావగారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఇంటి పక్కనే ఆయన కొట్టు. పైన అటక మీద కాయలు నెలల తరబడి ఎండి కురిడీలయ్యేవి, కింద లారీలు లోడయ్యేవి. వయసు మీదపడి ఆయన వ్యాపారం మానుకున్నాక, అక్క ఆ కొట్టు మీద కన్నేసింది. అక్కంటే ఆయన భార్య, నా తోటికోడలు. మంచి గాత్రం. కొట్టంతా కడిగించి, చాపలు వేయించి, శనివారం సాయంత్రాలు పాటలు పాడుకుందాం రమ్మని అందరికీ కబురు పెట్టింది. "భజన అంటే ముసలాళ్ళకనుకుంటారు. పాటలు అందాం" అంది. వచ్చినవాళ్ళందరూ ముసలాళ్ళే.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన హార్మోనియం పట్టుకొచ్చారు. ఆయన్ని మేమంతా మాస్టారంటాం. సెంటర్లో టిఫిన్ హోటల్ నడిపే ఆవిడ పెసరట్ల వాసనతోనే వచ్చి కూర్చునేది. కువైట్‌లో ఎన్నో ఏళ్ళు ఇళ్ళల్లో వంట చేసి తిరిగొచ్చిన ఇంకొకావిడ అందరికంటే గట్టిగా పాడేది. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని, ఆ చప్పుడు చాటున పాడుకునేదట. ఇప్పుడు చాటు అక్కర్లేదు కదా, అందుకని పైకప్పు రేకులు అదిరేలా పాడేది.

నాకు పాట రాదక్కా అని నేను తప్పించుకోబోయాను. "లెక్కలొచ్చు కదా, తాళం లెక్కే కదే" అని అక్క నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అరవై దాటాక నేర్చుకున్నాను పాట. గొప్పగా రాలేదు. కానీ ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. రిటైరయ్యాక నాకు పొద్దు పోయేది కాదు, రాత్రి నిద్రా పట్టేది కాదు. పదిమందితో కలిసి ఒక్క ఊపిరిగా పాడి ఇంటికొచ్చిన శనివారం మాత్రం ఒంట్లో బరువేదో దిగిపోయినట్టుండేది. బీపీ బిళ్ళ వల్ల రాని సుఖం అది. జీవితంలో ఇంత సంతోషం ఇంత ఆలస్యంగా దొరుకుతుందని నేననుకోలేదు.

పోయినేడు తొలకరిలో అక్క పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఆ తరవాత బావగారు మాట మానేశారు. అలిగి కాదు, అవసరం లేనట్టు. రెండు వీధులవతల ఉన్న మా ఇంటికి భోజనానికి పిలిస్తే వచ్చేవారు, పెట్టింది తినేవారు, ఊఁ ఊహూఁ తప్ప పలుకు లేదు. కాకినాడ నుంచి కూతురొచ్చి తనతో రమ్మంటే తల అడ్డంగా ఊపారు. ఆ పిల్ల రోజూ నాకు ఫోన్ చేసేది. "పిన్నీ, నాన్న ఇవాళైనా మాట్లాడేరా?" అనేది. నేను ఏదో ఒకటి చెప్పి పెట్టేసేదాన్ని.

కొన్నాళ్ళు ఆగి, ఆయన్ని అడిగి, శనివారాలు మళ్ళీ మొదలుపెట్టాం. ఆయన ఇంట్లోనే కూర్చుని వినేవారు. ఒక శనివారం ఉతికిన పంచె కట్టుకుని కొట్లోకొచ్చారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన చాప మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే, అక్క సొంతంగా కట్టుకున్న మంగళహారతి అందుకున్నారు.

ఎలా పాడారో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఆ గొంతు లారీ వెనక్కి తీసేటప్పుడు "రానీ, రానీ" అని కేకలేసిన గొంతు. శ్రుతి ఆయన్ని పలకరించనే లేదు. రెండో చరణంలో పాట పైకి లేవాల్సిన చోట ఆయన పక్కకి వెళ్ళిపోయారు. అయిపోయాక ముందుగా మాస్టారు తేరుకున్నారు.

"ఆయ్! గొంతు గంభీరంగా ఉందండి."

"చాలా బాగా పాడేరండి" అంది టిఫిన్ హోటలావిడ.

నేను కూడా బాగుందండీ అన్నాను. ఎర్రసిరా ఆ రోజు గడ్డకట్టింది. ఎందుకంటే అక్క పోయాక ఆయన నోటి వెంట నాలుగు మాటలు వరసగా రావడం అదే మొదలు. ఆ రాత్రి కూతురు ఫోన్ చేస్తే, మీ నాన్న పాట పాడారని నిజమే చెప్పాను. అటు వైపు నుంచి ఏడుపు వినిపించింది. "పిన్నీ, ఆ పాట మాత్రం మానిపించకండి" అంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా వైపు ఆ సామెతని అవసరానికి మించి పాటిస్తాం. కాదు, కూడదు, బాగోలేదు అనే మాటలు మాకు గొంతు దాటవు. బావగారు ప్రతి శనివారం వచ్చేవారు, అదే మంగళహారతి పాడేవారు, మేం బాగుందనేవాళ్ళం. అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దాయన ఒక్కరే శ్రుతి తప్పితే మర్యాదగా ఉండదని, మాస్టారు ఆయన గొంతు ఎటు పోతే అటు హార్మోనియం మెట్లు వెతుక్కుంటూ పోయేవారు, కట్టు తెంచుకున్న దూడ వెనక రైతు పరిగెత్తినట్టు. మాస్టారు వెనక మేమూ పోయేవాళ్ళం. అలా కొన్ని నెలలకి, ఒక్కరి తప్పు అందరం సమానంగా పంచుకున్నాం.

సంగతి కువైట్ ఆవిడ వల్ల బయటపడింది. పక్క ఊరి గుళ్ళో స్వామివారి కల్యాణానికి మమ్మల్ని పాడమని పిలిచారు. ఆ సంబరంలో ఆవిడ మా పాట ఫోన్లో రికార్డు చేసి, కువైట్‌లోనే ఉండిపోయిన కొడుక్కి పంపింది. జవాబు వెంటనే వచ్చింది. "అమ్మా, ఎవరు పోయేరు?"

ఆ రికార్డు మేమందరం కలిసి విన్నాం. బావగారు లేని సమయం చూసుకుని, తలుపు దగ్గరికి వేసుకుని విన్నాం. విన్నాక ఎవరి మొహం ఎవరూ చూడలేకపోయాం.

"చెప్పాలండి" అన్నారు మాస్టారు. "గుళ్ళో ఇలా పాడితే బాగోదండి."

"మీరు చెప్పండి" అన్నాను.

"అబ్బే, నేనెలాగండీ! ఆయన కొట్లో కూర్చుని ఆయన్నే..."

అందరూ నా వైపు చూశారు. ఇంటికెళ్ళి మావారిని అడిగాను, మీ అన్నయ్యే కదా, మీరు చెప్పండని. "మా అన్నయ్యకి నేను చెప్పడమా! చిన్నప్పుడు సైకిలు నేర్పుతానని కాలవలోకి తోసేస్తే, నీళ్ళు బాగున్నాయి అన్నయ్యా అన్నాను నేను" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నాకు భయం వేసింది. కోపిష్టి మనిషి కాదాయన, తిడతారని కాదు. చెబితే సరేనమ్మా అని లేచి వెళ్ళిపోతారు. మళ్ళీ శనివారం రారు. మళ్ళీ ఊఁ, ఊహూఁ. ఆ పిల్లకి ఫోన్లో నేనేం చెప్పను? చెప్పకపోతే కల్యాణ మంటపంలో జనం నవ్వుతారు, అప్పుడూ అంతే. రెండు మూడు రోజులు ఏ పనీ తోచలేదు.

చివరికి ఒక ఉదయం వెళ్ళాను. ఆయన కొట్టు అరుగు మీద కూర్చుని కొబ్బరికాయ పీచు వొలుస్తున్నారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

"ఏమ్మా?" అన్నారు.

"ఏం లేదండీ. చలిగాలి వస్తోంది కదండీ, గొంతుకి మంచిది కాదు. కొన్నాళ్ళు పాటకి విశ్రాంతి ఇస్తే..."

ఆయన కాయ పక్కన పెట్టారు. "పాట బాగుందని చెప్పడానికి వచ్చేవా?"

"కాదండీ."

"మరి?"

నా నోరు ఇక నా మాట వినలేదు. "బాగోలేదండి. శ్రుతి తప్పుతున్నారండి. మొదటి రోజు నుంచీ తప్పుతున్నారు. మీతోపాటు మేమూ తప్పుతున్నాం. రెండో చరణంలో అయితే వినలేకపోతున్నామండీ బావగారూ."

ఆయన తల వంచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నేను కంగారుపడ్డాను. తల ఎత్తేసరికి నవ్వుతున్నారు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి.

"ఇంతకాలం పట్టిందా అమ్మా, ఈ ముక్క చెప్పడానికి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నూతి దగ్గర స్నానం చేస్తూ నేను రాగం తీసేవాడిని. పెళ్ళైన కొత్తల్నించీ అలవాటు. మీ అక్క వంటింట్లోంచి కేకేసేది, శ్రుతి తప్పేరు, ఆపండి బాబూ, చెట్ల మీద కాకులు లేచిపోతున్నాయి అని. ఒక్కరోజు వదిలిపెట్టలేదు. తనకి జ్వరం వచ్చిన రోజు కూడా మంచం మీంచి చెయ్యి ఊపింది, ఆపమని." ఆయన పీచు దుమ్ము దులుపుకున్నారు. "తను పోయేక పాడి చూసేనమ్మా. ఎవరూ ఆపలేదు. ఇల్లంతా అలా వింటూ కూర్చుంది. అంతమంది పాటగాళ్ళున్నారు కదా, ఎవరో ఒకరు ఆపండి అనకపోతారా అని కొట్లోకొచ్చేను. ఆయ్, బాగుందండి అంటారు. ఎంత తప్పితే అంత బాగుందంటారు."

"అయితే కావాలనే తప్పు పాడేరా?"

"లేదమ్మా. నాకొచ్చిందే అంత."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మేం మర్యాద చేస్తున్నామనుకున్నాం. ఆయన్ని ఆ ఇంట్లోలాగే కొట్లోనూ ఒంటరిని చేసి కూర్చోబెట్టాం. అక్క అన్న మాట వినాలని ఆయన వస్తే, ఒక్కళ్ళం, ఒక్కళ్ళమంటే ఒక్కళ్ళం ఆ మాట అనలేదు.

ఆ శనివారం ఆయన మంగళహారతి అందుకున్నారు. రెండో చరణం రాగానే నేను గట్టిగా అన్నాను, "ఆపండి బావగారూ, శ్రుతి తప్పేరు." మాస్టారి వేళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి. టిఫిన్ హోటలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావగారు మాత్రం నిటారుగా కూర్చుని "ఎక్కడమ్మా?" అని అడిగారు. ఎక్కడో చెప్పాను. మళ్ళీ పాడారు, మళ్ళీ తప్పారు, మళ్ళీ ఆపాను. ఆ పూట ఆయన మాట్లాడినన్ని మాటలు అంతకుముందు నెలల్లో మాట్లాడలేదు. మాస్టారితో వాదించారు కూడా, తప్పు తనది కాదు, హార్మోనియందని.

కల్యాణంలో అందరం పాడాం. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. బావగారి పక్కన, అదే చాప మీద. మా అత్తగారు పైనుంచి చూస్తే చూశారు. పాట పైకి లేచే చోట ఆయన మోచేతి మీద వేలితో తట్టేదాన్ని, ఆయన నోరు మూసుకునేవారు. ఆ చోటు దాటాక మళ్ళీ కలిసేవారు. జనం ఎవరూ నవ్వలేదు.

ఈ ఏడాదంతా అదే తంతు. శనివారం నేను తప్పు పడతాను, ఆయన దిద్దుకుంటారు. వయసులో నాకంటే అంత పెద్దాయన స్కూలు పిల్లాడిలా ఇంటి దగ్గర సాధన చేసుకొస్తారు. నూతి దగ్గర మళ్ళీ పాట వినిపిస్తోందట. కూతురు ఫోన్లో నాన్న మాట్లాడేరా అని అడగడం మానేసింది, నాన్నగారి ఫోన్ ఎప్పుడూ బిజీ వస్తోందంటోంది.

మొన్న శనివారం బయట సన్నగా వాన పడుతోంది. బావగారు కళ్ళు మూసుకుని మంగళహారతి పాడుతున్నారు. రెండో చరణం వచ్చింది. పాట పైకి లేచింది. ఆయన గొంతు కూడా దానితోపాటు లేచి, అక్క ఎక్కడ నిలిపేదో సరిగ్గా అక్కడ నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. మాస్టారు ఉలిక్కిపడి నా వైపు చూశారు. కువైట్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పాట అయిపోయింది. బావగారు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. నేనేమీ అనకపోయేసరికి ఆ మొహంలో సంతోషం కాదు, దిగులు కనిపించింది. ఆ రోజు కొట్టు అరుగు మీద "పాట బాగుందని చెప్పడానికి వచ్చేవా?" అని అడిగినప్పటి మొహం అది.

"ఏమ్మా?" అన్నారు.

అన్నేళ్ళ ఉద్యోగంలో సరైన జవాబుకి నేను ఎప్పుడూ ఇంటూ పెట్టలేదు.

"తప్పేరు బావగారూ" అన్నాను. "మళ్ళీ అందుకోండి."

ఆయన మొహం విప్పారింది. "ఆయ్" అని చాప మీద సర్దుకుని కూర్చుని, మొదటి నుంచీ అందుకున్నారు.