పన్నెండో మీటరు

ఐదేళ్ళుగా నేను మోస్తున్న బరువుకు ఒక కొలత ఉంది. సరిగ్గా ఒక మీటరు. ఇంట్లో చెప్పలేదు. క్లబ్‌లో చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెప్పడం కాస్త సులువు.

మా ఫుట్‌బాల్ క్లబ్‌కు ఇప్పుడు కర్నూలులో పచ్చిక మైదానం ఉంది. ఆటగాళ్ళకు నెలజీతాలున్నాయి. మ్యాచ్ ఉంటే కడప నుంచి కూడా జనం వస్తారు. వచ్చే నెల సావనీరు వేస్తున్నారు. మొదటి నుంచీ ఉన్నవాణ్ణి, ప్రతి స్కోరూ నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నవాణ్ణి కనుక క్లబ్ చరిత్ర నన్నే రాయమన్నారు. నాలుగు పేజీలు హాయిగా సాగాయి. ఐదో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను.

ఆ నాలుగు పేజీలూ క్లబ్ పుట్టిన బేతంచెర్లవి. సివిల్ డిప్లొమా చేసి, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో కొలతల పనికి చేరాను. మా యజమానికి ఫుట్‌బాల్ పిచ్చి. ఫ్యాక్టరీ వెనక ఎర్రమట్టి నేల చదును చేయించి జట్టు కట్టాడు. మొదటి ఏడు మాకున్నవి: బంతులు మూడు, అందులో ఒకదానికి గాలి నిలవదు. నీళ్ళ పైపులతో చేసిన గోలు స్తంభాలు. చొక్కాలు పదహారు, మనుషులు పదిహేడు. పొరుగూరికి పోవాలంటే బండల లారీయే. దిగేసరికి రాతిపొడికి అందరి జుట్టూ తెల్లబడేది. "ఏమప్పా, తాతల జట్టును తోలుకొచ్చినారే" అని నంద్యాలలో ఎవరో ఎగతాళి చేస్తే, మావాళ్ళు ఆ పూట ఐదు గోల్స్ కొట్టి బదులు చెప్పారు. సున్నంలో పాలిష్ పొడి కలిపి మైదానంలో గీతలు పోసేవాళ్ళం. ఎండకు అవి మెరిసేవి. ఇప్పటి పచ్చిక మీది పెయింటుకు ఆ మెరుపు లేదు. లేక నాకే అలా అనిపిస్తుందా?

గీతలు వేయడం నా పని. అందరూ నన్ను ఇంజనీరని పిలిచేవాళ్ళు. ఆ పిలుపంటే నాకు చెప్పలేనంత ఇష్టం. జరిగినదానికి అసలు కారణం అదే కావచ్చు.

ఈరన్న కోసిగి మనిషి. వాళ్ళ ఇంటివాళ్ళు ఏటా సుగ్గికి పోయేవాళ్ళు, అంటే పంట కోతల కాలంలో కూలికి దూరపు జిల్లాలకు. ఈరన్న మాత్రం మా ఫ్యాక్టరీలో బండలెత్తుతూ ఉండిపోయాడు, ఆట కోసం. మా జట్టులో గోల్స్ కొట్టేవాడు అతనే. అప్పటికి పెనాల్టీ ఒక్కటి కూడా పోగొట్టలేదు, నా నోట్‌బుక్కే సాక్షి. కొట్టే ముందు నేల వంక చూసేవాడు, బంతి వంక కాదు.

ఐదేళ్ళ కిందట మా మైదానంలోనే ఒక పెద్ద మ్యాచ్ పడింది, గెలిస్తే జీతాలిచ్చే లీగ్‌లో మాకు చోటు. ఈరన్నకు అదే మొదటి జీతం, వాళ్ళమ్మకు అదే చివరి సుగ్గి. ఆ మాట అతను అందరికీ చెప్పుకున్నాడు.

ఇక టేపు సంగతి. ఫ్యాక్టరీలో మా పాత టేపుకు మొదటి మీటరు తెగిపోయింది. ఒకటి అంకె దగ్గర పట్టుకొని కొలిచేవాళ్ళం. పదకొండు మీటర్లు కావాలంటే పన్నెండు దగ్గర ఆగాలి. మూడేళ్ళు రోజంతా అదే పని. లెక్క బుర్రలోంచి చేతిలోకి దిగిపోయింది. పెద్ద మ్యాచ్ కదా అని యజమాని కొత్త టేపు తెప్పించాడు. ఆ పొద్దున ఒకవైపు గోలు ముందరి నేలను రోలర్‌తో చదును చేయడంతో, గోలు గీతకు పదకొండు మీటర్ల దూరంలో ఉండాల్సిన పెనాల్టీ చుక్క చెరిగిపోయింది. కొత్త టేపు కొసను గోలు గీత మీద మేకుకు తగిలించాను. నడిచాను. చెయ్యి పన్నెండు దగ్గర ఆగింది. చుక్క పెట్టాను. దాని చుట్టూ తాడుతో గీసే వంపు కూడా దాంతోపాటే ముందుకు జరిగింది కనుక రెఫరీ కంటికీ తేడా ఆనలేదు.

ఆట చివర్లో ఆ వైపే పెనాల్టీ వచ్చింది. ఈరన్న నేల వంక చూశాడు. మామూలుకంటే ఎక్కువసేపు చూశాడు. కొట్టాడు. గోల్‌కీపర్ వేలి కొస తగిలి, బంతి స్తంభానికి కొట్టుకొని బయటికి పోయింది. ఓడిపోయాం.

జనం వెళ్ళిపోయాక ఈరన్న ఒట్టి కాళ్ళతో గోలు గీత నుంచి చుక్క దాకా పాదం ముందర పాదం వేసుకుంటూ వచ్చాడు. నేను కొత్త టేపు చుడుతున్నాను.

"ఇంజనీరప్పా, చుక్క సరిగ్గానే పెట్టినావా? రోజూ నలభై రెండు పాదాలు వస్తాండె. ఈపొద్దు నలభై ఆరొచ్చినాయి."

చేతిలో టేపు ఆగింది. ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. తెలియదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం.

"కొత్త టేపు పెట్టి కొలిచినా ఈరన్నా. టేపు తప్పయితాదా, నీ కాళ్ళు తప్పయితాయా?"

అతను తన పాదాల వంక చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"సదువుకున్నోనివి, నువ్వు కొలిస్తే సరిగ్గానే ఉంటాదిలేప్పా. నా కాళ్ళే కురచైనట్టుండాయి."

మర్నాడు తెల్లవారగానే చుక్క చెరిపి సరైనచోట పెట్టాను. ఎందుకు? న్యాయం కోసమా, సాక్ష్యం లేకుండా చేయడానికా?

బయటపడితే మైదానానికి అనుమతి పోతుందని, క్లబ్ పరువు పోతుందని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. నిజం అంతకన్నా చిన్నది. ఇంజనీరన్న పిలుపు పోతుందని భయపడ్డాను. మీటరు తక్కువైతే బంతి ఎంత ముందు చేరేదో కూడా లెక్క కట్టాను. సెకనులో ఇరవయ్యో వంతు. వేలి కొస తగలకుండా పోవడానికి అది చాలేది. చాలేది కాదేమో. ఎన్నిసార్లు కట్టినా ఆ లెక్క నన్ను విడిపించలేదు.

ఈరన్న ఆ తర్వాత పెనాల్టీ కొట్టలేదు. బంతి ఇస్తే పక్కవాడికి తోసేవాడు. ఆ ఏడు సుగ్గికి వాళ్ళమ్మతోపాటు లారీ ఎక్కాడు, తిరిగి రాలేదు. రెండేళ్ళకు అతను లేకుండానే మేం లీగ్‌లోకి వచ్చాం. ఈమధ్య కోసిగి నుంచి వచ్చిన మా డ్రైవరు అతన్ని చూశాడట. వీధిలో పిల్లలు బంతి పెట్టి కొట్టమని పిలిస్తే, "నావి కురచ కాళ్ళు, వద్దురప్పా" అని నవ్వి వెళ్ళిపోయాడట. డ్రైవరు దాన్ని తమాషాగా చెప్పాడు. నేను కూడా నవ్వాను.

కోసిగికి పోవాలి. పోతానో లేదో మీకు మాటివ్వలేను. పోయినా అతను ఏమంటాడో తెలియదు. ఐదో పేజీలో ఆగిన వాక్యం ఇది: "కీలకమైన పెనాల్టీని ఈరన్న పోగొట్టాడు." క్లబ్ కాగితాల్లో ఐదేళ్ళుగా ఉన్నది అదే. మొదట రాసిందీ నేనే. ఈపూట దాన్ని కొట్టేశాను. కింద ఇలా రాశాను:

ఆ సాయంత్రం ఈరన్న బంతిని పన్నెండు మీటర్ల నుంచి కొట్టాడు. చుక్క పెట్టింది నేను. అతని పాదాలు సరిగ్గానే కొలిచాయి.